రిటైల్ ఉద్యోగం మీద వచ్చిన కామిక్ స్ట్రిప్ చదువుతున్నాను, ఇందులో ఉన్నది కస్టమర్ల మీద ఫిర్యాదులేనా?

రిజిస్టర్_నాలుగు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పని చేస్తున్నాను, వర్క్ పర్మిట్ వచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం ఇదే. మా బ్రేక్ రూమ్‌లో షెడ్యూల్ అంటించే బోర్డు మీద ఎవరో ఎప్పుడో పేపర్లోంచి కత్తిరించి పెట్టిన రెండు కామిక్ స్ట్రిప్స్ ఉన్నాయి. పేరు 'రిటైల్', గీసినాయన నార్మ్ ఫ్యూటీ. అవి చూసి ఆసక్తి పుట్టి కామిక్స్ కింగ్‌డమ్ సైట్‌లో 2006 జనవరి నుంచి వరసగా చదవడం మొదలుపెట్టాను. గ్రంబెల్స్ అని ఒక కల్పిత స్టోరు, అందులో అసిస్టెంట్ మేనేజర్ మార్లా, ఆమెతో పనిచేసే కూపర్, వాల్, లంకర్, వాళ్ల నెత్తిన పై అధికారి స్టువర్ట్. చదువుతుంటే మా స్టోర్లో వాళ్లే కనిపిస్తున్నారు, కొన్ని స్ట్రిప్స్‌లో డైలాగులు నేను ఆ వారమే విన్నవి.

మావారు సాఫ్ట్‌వేర్. ఆయనకి ఒక పది చూపించాను. ఓపిగ్గా చదివి, "రోజూ ఒకటే కదా, రసీదు లేకుండా వచ్చినవాడు, మూసేసే టైముకి వచ్చినవాడు, కూపన్ తేదీ దాటిపోయినవాడు, ఇది జోక్ కాదు కంప్లయింట్ బుక్" అన్నారు. నాకు కోపం వచ్చింది కానీ సరైన సమాధానం దొరకలేదు. నాకు నచ్చుతోంది, ఎందుకు నచ్చుతోందో చెప్పలేకపోతున్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. నాకు చిన్నప్పటినుంచీ బొమ్మలు వేసే అలవాటు. మా పని మీద తెలుగులో ఒక స్ట్రిప్ గీయాలని గట్టిగా అనిపిస్తోంది. కాగితం ముందు కూర్చుంటే మాత్రం చేతికి వచ్చేవన్నీ కస్టమర్ల మీద కసే. అలా గీస్తే ఒక నెలకి నాకే విసుగొస్తుందేమో. ఈ స్ట్రిప్‌ని పూర్తిగా చదివినవాళ్లు గానీ, రిటైల్‌లో చాలాకాలం పని చేసినవాళ్లు గానీ, బొమ్మలు గీసేవాళ్లు గానీ ఉంటే చెప్పండి: ఇందులో ఫిర్యాదు కాకుండా ఇంకేం ఉంది? నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

పేపర్_మడత:

మొదటి నుంచి చివరి వరకూ చదివాను కాబట్టి మొదటి ప్రశ్నకి నేను సమాధానం చెప్తాను. మీవారు చూసింది పది స్ట్రిప్సే, అది కూడా విడివిడిగా. ఈ స్ట్రిప్ విడివిడిగా చూస్తే ఆయన అన్నట్టే కనిపిస్తుంది. వరసగా చదివితే కనిపించేది వేరు.

ఒకసారి గమనించండి, కస్టమర్ వచ్చి గొడవ చేసి మూడో ప్యానెల్‌కి (స్ట్రిప్‌లో ఒక్కో బొమ్మ గడి ఒక ప్యానెల్) వెళ్లిపోతాడు, మర్నాడు ఉండడు. స్టువర్ట్ తెచ్చిన ఆర్డర్ మాత్రం వారమంతా ఉంటుంది. పైనుంచి ఒక కొత్త రూల్ వస్తుంది, అది పనికిరాదని స్టోర్లో ప్రతి ఒక్కరికీ తెలుసు, అయినా మీటింగ్ పెట్టి దాన్ని అందరికీ చెప్పాల్సింది మార్లా. చెప్పి, అది పనిచేయకపోతే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది కూడా తనే. ఈ స్ట్రిప్ మొత్తం ఆ ఒక్క కుర్చీ మీద నిలబడింది, పైవాళ్లకీ కిందవాళ్లకీ మధ్యలో ఉన్న మనిషి కుర్చీ. కథ కేవలం క్యాషియర్ వైపు నుంచి చెప్పి ఉంటే నిజంగానే కంప్లయింట్ బుక్ అయ్యేది. హెడ్డాఫీసు వైపు నుంచి చెప్పి ఉంటే ఎవరూ చదివేవాళ్లు కాదు. ఫ్యూటీ ఈ స్ట్రిప్‌కి ముందు ఏళ్ల తరబడి రిటైల్‌లోనే, అందులోనూ మేనేజ్‌మెంట్ వైపు పని చేసినవాడు, కాబట్టి ఆ మధ్య కుర్చీ ఎంత ఇరుకో ఆయనకి తెలుసు. 2007లో ఆయన 'ప్రిటెండింగ్ యూ కేర్' అని ఒక పుస్తకం కూడా వేశాడు, కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే ఉద్యోగుల హ్యాండ్‌బుక్ ధోరణిలో ఉంటుంది, దొరికితే చదవండి.

రెండోది కాలం. చాలా పేపర్ స్ట్రిప్స్‌లో కాలం కదలదు, పిల్లలు ముప్పై ఏళ్లయినా పిల్లలే. కదిలే స్ట్రిప్స్ కూడా ఒక సంప్రదాయంగా ఉన్నాయి, 'గ్యాసొలిన్ ఆలీ'లో 1921లో గుమ్మంలో దొరికిన పసివాడు పేపర్ చదివేవాళ్లతో పాటే పెద్దవాడయ్యాడు. 'రిటైల్' కూడా ఆ దారిలోదే. అసిస్టెంట్ మేనేజర్‌గా మొదలైన మార్లా అక్కడే ఆగిపోదు, జీవితంలోనూ ఉద్యోగంలోనూ ముందుకి వెళ్తుంది. స్ట్రిప్ 2006 జనవరి నుంచి 2020 ఫిబ్రవరి 23 దాకా నడిచింది, రోజుకి ఒకటి చొప్పున అయిదు వేలకి పైగా. ఆ పధ్నాలుగేళ్లూ అమెరికన్ రిటైల్‌కి ఎలాంటివో చూడండి. మొదలైనప్పుడు ఫెడరల్ కనీస వేతనం గంటకి 5.15 డాలర్లు. 2009 జూలైకి 7.25 అయింది, అంతే, స్ట్రిప్ ముగిసేనాటికీ అదే, ఇప్పటికీ ఫెడరల్ లెక్కలో అదే (రాష్ట్రాలు విడిగా పెంచుకున్నాయి). మధ్యలో 2008 మాంద్యం. 2009లో ఎలక్ట్రానిక్స్ అమ్మే సర్క్యూట్ సిటీ మూతపడింది, 2011లో పుస్తకాలమ్మే బోర్డర్స్, 2018లో ఆటబొమ్మల చెయిన్ టాయ్స్ ఆర్ అస్ అమెరికాలో ఉన్న స్టోర్లన్నీ మూసేసింది, అదే ఏడాది అక్టోబర్‌లో డిపార్ట్‌మెంట్ స్టోర్ల చెయిన్ సియర్స్ దివాలా పిటిషన్ వేసింది. ఆ వార్తలు బిజినెస్ పేజీలో వస్తుంటే అదే పేపర్లో నాలుగు పేజీల తర్వాత గ్రంబెల్స్ మనుషులు మన ఉద్యోగాలు ఉంటాయా అని మాట్లాడుకునేవాళ్లు. ఆ రెండు పేజీలూ కలిపి చదివిన మనిషికి అది కంప్లయింట్ బుక్ అనిపించదు.

మీరు ఇంకా మొదట్లోనే ఉన్నారు కాబట్టి చివర ఏమవుతుందో చెప్పను. ఎవరైనా చెప్పబోతే కళ్లు మూసుకోండి. దూకుతూ చదవకండి, అంతే నా విన్నపం.

క్లోజింగ్_షిఫ్ట్:

పైన రాసినాయన చెప్పింది చాలావరకూ సరైనదే కానీ ఒకచోట ఒప్పుకోలేను. కస్టమర్ మూడో ప్యానెల్‌కి వెళ్లిపోతాడు కాబట్టి అతను ముఖ్యం కాదన్నట్టు రాశారు. క్యాష్ రిజిస్టర్ వెనక నిలబడినవాళ్లకి ఆ మూడు ప్యానెల్సే ఎనిమిది గంటల పని. నేను ఈ దేశంలోనే క్యాషియర్‌గా చేరి, ఇప్పుడు అసిస్టెంట్ మేనేజర్‌ని, రెండు వైపులా నిలబడ్డాను కాబట్టి ఒక ఉదాహరణ వివరంగా చెప్తాను.

రసీదు లేకుండా రిటర్న్. చొక్కా. ట్యాగ్ మీద 40 డాలర్లు. రసీదు లేకపోతే సాధారణంగా ఉండే రూల్ ఏంటంటే, ఐడీ చూసి, ఈ మధ్య ఆ వస్తువు అమ్ముడైన అతి తక్కువ ధరకి స్టోర్ క్రెడిట్ ఇవ్వాలి, నగదు కాదు. స్కాన్ చేస్తే స్క్రీన్ మీద 12 చూపిస్తుంది, ఎందుకంటే అది పోయిన నెల క్లియరెన్స్‌లోకి, అంటే మిగిలిన సరుకు తగ్గింపు ధరకి వదిలించుకునే అమ్మకంలోకి, వెళ్లింది. క్యాషియర్ అమ్మాయి ఆ రూల్ చెప్తుంది, మర్యాదగా, నేర్పించినట్టే. చొక్కా తెచ్చిన ఆవిడ నేను 40 పెట్టి కొన్నాను అంటుంది, నిజమే కొని ఉండొచ్చు. గొంతు పెరుగుతుంది. వెనక లైనులో ఆరుగురు. మేనేజర్‌ని పిలు అంటుంది. మేనేజర్ వస్తాడు, ముందు లైను చూస్తాడు, ఆ తర్వాత ఆవిడ మొహం చూస్తాడు, రూల్‌ని పక్కన పెట్టే ఓవర్‌రైడ్ కీ తిప్పి 40 ఇచ్చేస్తాడు. "సారీ మేడమ్, తను కొత్త" అంటాడు. తను కొత్త కాదు. ఆవిడ వెళ్తూ ఆ అమ్మాయి వైపు ఒక చూపు చూస్తుంది, చూశావా ఇవ్వకూడదన్నావు అని.

ఇందులో తప్పు ఎవరిది? కస్టమర్ తన డబ్బు అడిగింది. మేనేజర్‌కి కస్టమర్లు ఇచ్చే సర్వే స్కోరు టెన్షన్, ఆవిడ హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే అది తన రికార్డు మీదకి వస్తుంది. రూల్ రాసినవాళ్లు దొంగ రిటర్న్‌లు ఆపడానికి రాశారు, ఆ దొంగతనాలు కూడా నిజంగానే ఉన్నాయి. ఇంతమందికీ కారణాలున్నాయి, చివరికి అబద్ధాలకోరుగా మిగిలింది మాత్రం రూల్ పాటించిన అమ్మాయి ఒక్కతే. ఇది రసీదు జోక్ అని మీవారికి అనిపించింది, కానీ ఈ సంగతి తెలిసినవాళ్లు రసీదు జోక్ చదివినప్పుడల్లా ఆ అమ్మాయినే చూస్తారు. అందుకే ఒకే జోక్ వెయ్యిసార్లు వచ్చినా మాకు ఒకేలా ఉండదు.

ఇంకా లోపలికి వెళ్తే, కస్టమర్ కోపం కూడా చాలాసార్లు పైనుంచి దిగుమతి అయిందే. చాలా చెయిన్లలో స్టోర్‌కి వారానికి ఇన్ని గంటలు అని పేరోల్ లెక్క వస్తుంది, అమ్మకాల అంచనా మీద. అమ్మకాలు తగ్గితే గంటలు కోస్తారు. గంటలు కోస్తే ఆరు రిజిస్టర్లలో రెండే తెరుస్తాం. లైను పెరుగుతుంది. లైనులో పదిహేను నిమిషాలు నిలబడ్డ మనిషి నా ముందుకి వచ్చేసరికి మరిగిపోయి ఉంటాడు, అప్పుడు నేను నవ్వుతూ మా స్టోర్ క్రెడిట్ కార్డు తీసుకుంటారా అని అడగాలి. వద్దంటే ఇంకోసారి అడగాలి. ఆ కార్డుల మీద వడ్డీ ఈమధ్య ఏడాదికి దాదాపు 30 శాతం ఉంటోంది, ఆ సంగతి నాకు తెలుసు, అయినా అడగాలి, ఎందుకంటే వారానికి ఎవరు ఎన్ని అప్లికేషన్లు తెచ్చారో పేర్లతో సహా బోర్డు మీద రాస్తారు. ఇలా చూస్తే పేపర్_మడత గారు చెప్పిన పైనున్న ఆర్డరూ నేను చెప్తున్న కౌంటర్ దగ్గర గొడవా రెండూ ఒకటే విషయం, ఆ ఆర్డరే మనిషి రూపంలో లైనులో నిలబడి ఉంటుంది. ఫ్యూటీ స్ట్రిప్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ గొలుసు ఎక్కడా తెగకపోవడం.

షెడ్యూల్ గురించి ఒక మాట. రాత్రి మూసి ఇంటికెళ్లి మళ్లీ పొద్దున్నే తెరవడానికి రావడం, మేం క్లోపెనింగ్ అంటాం, మీకు ఈపాటికి అనుభవమయ్యే ఉంటుంది. స్టోర్ మూశాక రికవరీ ఉంటుంది, అంటే చెదిరిపోయినవన్నీ మడతపెట్టి వరసలో పెట్టడం, ఆ తర్వాత గో-బ్యాక్స్, ఫిట్టింగ్ రూముల్లోనూ రిజిస్టర్ల దగ్గరా వదిలేసినవి తిరిగి వాటి చోట్లకి చేర్చడం, ఆ తర్వాత డ్రాయర్ లెక్క, అంటే రిజిస్టర్‌లో ఉన్న నగదు లెక్కపెట్టడం. రాత్రి పదకొండున్నరకి బయటపడితే పొద్దున ఆరుగంటలకి సరుకు ట్రక్కు. దీనిమీద కొన్నిచోట్ల చట్టాలొచ్చాయి. సియాటిల్‌లో 2017 జూలై నుంచి, ఒరెగాన్‌లో రాష్ట్రమంతా 2018 జూలై నుంచి, పెద్ద రిటైల్ కంపెనీలు షెడ్యూల్ ముందుగా చెప్పాలి, రెండు షిఫ్టుల మధ్య పది గంటలు ఇవ్వాలి, ఇవ్వకుండా రప్పిస్తే ఆ గంటలకి ఒకటిన్నర రెట్లు కట్టాలి. మీరు ఎక్కడున్నారో అడగను కానీ మీ రాష్ట్రంలో, మీ నగరంలో ఏముందో చూసుకోండి. చాలాచోట్ల ఏమీ లేదు. అదీ గీయదగిన విషయమే.

మూడో_షిఫ్ట్:

నాది చిన్న మాట. మీకు నచ్చుతోంది, సంతోషం. నేను మాత్రం చదవలేకపోయాను. సెలవు రోజు పొద్దున పేపర్ తెరిస్తే అందులో కూడా థ్యాంక్స్‌గివింగ్ (నవంబర్‌లో గురువారం వచ్చే అమెరికన్ పండగ) అమ్మకాల గురించే ఉంటే మళ్లీ బ్యాడ్జ్ పెట్టుకున్నట్టు ఉండేది. 2011, 12, 13 సంవత్సరాలు గుర్తున్నవాళ్లకి తెలుస్తుంది. బ్లాక్ ఫ్రైడే, అంటే ఆ పండగ మర్నాటి పెద్ద తగ్గింపు అమ్మకాలు, శుక్రవారం పొద్దున మొదలవడం అనేది పోయి, అర్ధరాత్రి అయింది, తర్వాత గురువారం రాత్రి ఎనిమిది, తర్వాత అంతకంటే ముందే. అందరూ ఇంట్లో భోజనానికి కూర్చునే వేళకి మేము బారికేడ్లు వేస్తున్నాం. మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, మెయిన్ ఈ మూడు రాష్ట్రాల్లోనే పాత చట్టాల వల్ల పెద్ద స్టోర్లు ఆ గురువారం తెరవడానికి లేదు, అక్కడున్న వాళ్లని చూస్తే అసూయగా ఉండేది. 2020లో కోవిడ్ వచ్చాక గానీ పెద్ద చెయిన్లు గురువారం మూసే పద్ధతికి తిరిగి రాలేదు.

స్ట్రిప్ బాగాలేదని కాదండి, మరీ నిజంగా ఉంది. నవ్వడానికి కొంత దూరం కావాలి, నాకు ఆ దూరం అప్పుడు లేదు. మీరు గీసేటప్పుడు నాలాంటివాళ్లు కూడా చదువుతారని గుర్తుపెట్టుకోండి. ఆ రోజుల్లో నన్ను నిలబెట్టినవి పక్కన పనిచేసేవాళ్ల మాటలే, ఎవరో ఒకరు తెచ్చిన డబ్బా అందరం పంచుకోవడం, ఇంటికి వెళ్లడానికి కారు లేనివాళ్లని ఎవరు దింపాలో అడగకుండానే తేల్చుకోవడం. అవి కూడా గీయండి.

గీతల_పిచ్చి:

రెండో ప్రశ్నకి వస్తాను, నేను స్ట్రిప్స్ గీస్తాను కాబట్టి.

మీ దగ్గరికి వచ్చేవన్నీ కస్టమర్ల మీద కసి అంటున్నారు. దానికి కారణం మీ స్వభావం కాదు, మీరు ఎంచుకుంటున్న చోటు. మీరు గీసిన చిత్తులు తీసి చూడండి, అన్నీ కౌంటర్ దగ్గరే జరుగుతున్నాయని నా అనుమానం. కౌంటర్ దగ్గర ఉద్యోగి నోరు విప్పడానికి లేదు. స్ట్రిప్‌లో చివరి ప్యానెల్ ఎవరిదో వాళ్లదే గెలుపు, కౌంటర్ దగ్గర చివరి మాట ఎప్పుడూ కస్టమర్‌దే, కాబట్టి మీరు ఎంత గీసినా ఓడిపోయిన కోపమే మిగులుతుంది. లేదా ఉద్యోగి చేత ఒక ఘాటు జవాబు చెప్పిస్తారు, అది అబద్ధం అని మీ చదువరికి వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే అలా మాట్లాడితే మర్నాడు ఉద్యోగం ఉండదు.

'రిటైల్'లో బొమ్మల్ని మాటలు వదిలేసి చూడండి. రెండు చోట్లున్నాయి, సేల్స్ ఫ్లోరూ, దాని వెనక స్టాక్‌రూమూ. మధ్యలో తలుపు. తలుపుకి ఇటువైపు మర్యాద, అటువైపు నిజం. కూపర్ లాంటి పాత్ర స్టాక్‌రూమ్‌లో ఉండటం యాదృచ్ఛికం కాదు, ముందు ఎవరూ అనలేనివి అనడానికి ఒకళ్లు కావాలి. కౌంటర్ దగ్గర మొదలైన సంగతి స్టాక్‌రూమ్‌లో ముగిస్తే చివరి ప్యానెల్ పనిచేసేవాళ్లకి దక్కుతుంది, అదీ అబద్ధం ఆడకుండా. ఆ ప్యానెల్‌లో కస్టమర్ ఉండడు కాబట్టి కసి కూడా తగ్గుతుంది, అది ఇద్దరు మనుషుల మధ్య మాట అవుతుంది. క్లోజింగ్_షిఫ్ట్ గారు చెప్పిన చొక్కా సంగతే తీసుకోండి. మొదటి ప్యానెల్ అమ్మాయి రూల్ చెప్పడం, రెండోది మేనేజర్ డబ్బు ఇచ్చేయడం, మూడోది అదే మేనేజర్ బ్రేక్ రూమ్‌లో ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని మాట దొరక్క ఉండటం. నేనైతే మూడో ప్యానెల్‌లో మాటలే పెట్టను.

పాత్రలు మొదట నలుగురు చాలు. ఒకరు రూల్స్ నమ్మేవారు, ఒకరు ఏదీ నమ్మనివారు, ఒకరు మధ్యలో నలిగేవారు, ఇంకొకరు ఇవన్నీ పట్టకుండా పని ప్రేమగా చేసుకునేవారు. ఈ నాలుగో మనిషిని చాలామంది మరిచిపోతారు, వాళ్లు లేకపోతే స్ట్రిప్ చేదెక్కుతుంది. 'రిటైల్'లో ఆ బరువు మోసింది లంకర్ అని నా అభిప్రాయం. వాళ్లని నిజంగా మీతో పనిచేసేవాళ్ల మొహాలతో గీయకండి, స్టోరు పేరూ యూనిఫాం రంగూ మార్చండి, మీ కంపెనీ సోషల్ మీడియా పాలసీ ఒకసారి పూర్తిగా చదవండి. 1935 నాటి లేబర్ రిలేషన్స్ చట్టం పని పరిస్థితుల గురించి తోటి ఉద్యోగులు కలిసి మాట్లాడుకోవడానికి రక్షణ ఇస్తుంది, కానీ సూపర్‌వైజర్లకి అది వర్తించదు, ఒక్కళ్లే గీసి పెట్టుకునే బొమ్మకి వర్తిస్తుందని అనుకుని ధీమాగా ఉండకండి.

ఇక పని సంగతి. పేపర్లకి గీసేవాళ్లు సోమవారం నుంచి శనివారం వరకూ వచ్చే స్ట్రిప్స్‌ని కొన్ని వారాల ముందే సిండికేట్‌కి (స్ట్రిప్స్‌ని పేపర్లకి అమ్మే సంస్థకి) పంపాలి, రంగుల్లో వచ్చే ఆదివారం పేజీ ఇంకా ముందు. అంటే థ్యాంక్స్‌గివింగ్ రద్దీ గీస్తున్నప్పుడు ఆ పండగకి ఇంకా కొన్ని వారాలు ఉంటుంది. ఆ కొన్ని వారాలే మూడో_షిఫ్ట్ గారు చెప్పిన దూరం. మీ చేతిలో సిండికేట్ లేదు కాబట్టి ఆ దూరం మీరే పెట్టుకోవాలి. గొడవ జరిగిన రోజు రాత్రి గీయకండి, మాటలు మాత్రం రాసిపెట్టుకోండి, అన్నది అన్నట్టుగా. నెల తర్వాత ఆ చీటీ తీసి చూడండి, కోపం ఆరిపోయి మిగిలింది ఏదైనా ఉంటే అదే గీయండి.

తెలుగులో గీస్తున్నారు కాబట్టి ఇది ముఖ్యం: బెలూన్‌లో, అంటే మాటలు రాసే బుడగలో, మన అక్షరాలకి పైన గుడులూ కింద వత్తులూ ఉంటాయి, ఇంగ్లీషు పెద్దక్షరాలు నాలుగు వరసలు పట్టే చోట మనకి రెండున్నర వరసలు పడితే గొప్ప. ఫోన్‌లో చూస్తే వత్తులు కలిసిపోయి ముద్దలా కనిపిస్తాయి. అందుకని ముందు అక్షరాలు రాసి, వాటి చుట్టూ బెలూన్ గీసి, మిగిలిన చోటులో మనుషుల్ని పెట్టండి. ప్యానెల్‌కి పది మాటలు దాటితే కొట్టేయండి. ఇది కష్టంగా ఉంటుంది, కానీ అలా కొట్టేసినప్పుడే ఎవరు ఎలా మాట్లాడతారో తేలుతుంది.

రిజిస్టర్_నాలుగు:

అందరికీ చాలా థాంక్స్ అండి. క్లోజింగ్_షిఫ్ట్ గారు రాసిన చొక్కా సంగతి మావారికి చదివి వినిపించాను. చివరి దాకా విని, "అయితే ఆ అమ్మాయికి ఎవరూ సారీ చెప్పలేదా" అని అడిగారు. ఇప్పుడు ఆయన కూడా నాతో పాటు మొదటి నుంచి చదువుతున్నారు, రాత్రి పడుకునేముందు ఒక వారం స్ట్రిప్స్ చొప్పున.

గీతల_పిచ్చి గారూ, మీరన్నది నిజం, నా చిత్తులు తీసి చూస్తే దాదాపు అన్నీ కౌంటర్ దగ్గరే ఉన్నాయి. స్టాక్‌రూమ్ గీయడం మొదలుపెట్టాను. మాకు అక్కడ హ్యాంగర్లు వేసే ఒక పెద్ద డబ్బా ఉంది, ఎప్పుడూ చిక్కుపడి ఉంటాయి, ఎవరు ఖాళీగా కనిపించినా వాటిని విడదీసే పని ఇస్తారు. ఇద్దరు కూర్చుని హ్యాంగర్లు విడదీస్తుంటే మాట్లాడుకోని విషయం ఉండదు. నలుగురు పాత్రల్నీ ఆ డబ్బా చుట్టూ కూర్చోబెట్టొచ్చు అనిపించింది. ఒక అనుమానం: హ్యాంగర్లు, ర్యాకులు, ధరల బోర్డులు ఇవన్నీ ప్రతి ప్యానెల్‌లోనూ గీయాలా? గీస్తే ఒక స్ట్రిప్‌కి నా సెలవు రోజు మొత్తం పోతోంది.

గీతల_పిచ్చి:

ప్రతి ప్యానెల్‌లో వద్దండి. మొదటి ప్యానెల్‌లో ఒక్కసారి చోటు పూర్తిగా చూపించండి, రెండోదాంట్లో ఒక ర్యాక్ అంచు గానీ డబ్బా మూల గానీ చాలు, మూడోదాంట్లో మొహాలు తప్ప ఏమీ లేకపోయినా చదువరి బుర్రలో ఆ గది ఉంటుంది. హ్యాంగర్ల డబ్బాని మాత్రం ఒకసారి ఓపిగ్గా, విడిగా పెద్ద కాగితం మీద మూడు వైపుల నుంచి గీసి పెట్టుకోండి, తర్వాత ఎప్పుడు కావాలన్నా దాన్ని చూసి నాలుగు గీతల్లో వేసేయొచ్చు. మూడు స్ట్రిప్స్ పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, అక్షరాల సైజు ఫోన్‌లో ఎలా ఉందో చూసి చెప్తాను.

క్లోజింగ్_షిఫ్ట్:

హ్యాంగర్ల డబ్బా చదవగానే నాకు మా స్టోర్ కళ్లముందు కనిపించింది, తప్పకుండా అదే గీయండి. ఇంకోటి చెప్తాను, వాడుకుంటే వాడుకోండి. తలుపులు తాళం వేశాక మైకులో ఇక కస్టమర్లు లేరు అని చెప్తాం చూడండి, ఆ వెంటనే అందరి గొంతులూ మారిపోతాయి, నడక కూడా. అదొక్కటే ఒక వారం స్ట్రిప్స్‌కి సరిపోతుంది.